నోరు తెరిచినప్పుడు మనసులో ఏముంది?

"ఆ మూల ఇంకాస్త పైకి లాగవే. కింద సందుంది, వాడి కాళ్ళు కనిపిస్తున్నాయి," అంది నబవియ్యా.

ఇన్షిరాహ్ స్టూలు మీద మునివేళ్ళపై నిలబడి దుప్పటి మూలను మేకుకు ముడేసింది. అత్తగారికి మోకాళ్ళ నొప్పులు, స్టూలెక్కలేదు. మొగుడికి చెబితే వచ్చి పెళ్ళాం పక్కన నిలబడాలి, అది ఇప్పుడు కూడదు. అందుకని తన కాపురానికి అడ్డంగా కట్టాల్సిన తెరను తనే కట్టుకుంటోంది.

"కాళ్ళు కనిపిస్తే ఏమైపోతుంది అత్తా? పదకొండేళ్ళుగా ఆ కాళ్ళ సాక్సులు ఉతుకుతూనే ఉన్నా కదా."

"నిన్న మధ్యాహ్నం దాకా అవి నీ మొగుడి కాళ్ళు. ఇప్పుడు పరాయి మగాడి కాళ్ళు. మాటలాపి ముడెయ్యి."

దుప్పటి అవతల పరాయి మగాడు దగ్గాడు. "అమ్మా, నాకు టీ కావాలని చెప్పు."

"వినపడింది," అంది ఇన్షిరాహ్. "ఈ ఇంట్లో పరాయి మగాళ్ళకి టీ పెట్టం."

"ఇది నా ఇల్లు!"

"అయితే నీ టీ నువ్వే పెట్టుకో."

నబవియ్యా నెత్తి కొట్టుకుంది. మనవరాలు నవారాను అప్పుడే బడికి పంపింది. హాలు మధ్యలో ఈ దుప్పటేంటి నాయనమ్మా అని పిల్ల అడిగితే, ఉతికి ఆరేశానని చెప్పింది. ఉతకని దుప్పటి. పిల్ల వాసన చూసి మరీ వెళ్ళింది.

నిన్న జరిగినదాంట్లో దాచడానికేమీ మిగల్లేదు. పట్టపగలు, కొయ్యపనివాళ్ళ సందులో, పాతికమంది రంపాలాపి చూస్తుండగా మొగుడు మిత్వల్లీ అరిచాడు: "మీ నాన్న కార్ఖానా షట్టర్ ఎత్తావంటే నువ్వు తలాక్!" ఇన్షిరాహ్ అతని కళ్ళలోకి చూసింది. వంగింది. తండ్రి పోయినప్పటి నుంచి ఏడాదిగా మూతపడి తుప్పుపట్టిన షట్టర్‌ను రెండు చేతులా పట్టుకుని భుజాల దాకా, భుజాల నుంచి నెత్తి మీదకీ ఎత్తింది. లోపలికి వెళ్ళి తండ్రి ఉలులు తుడిచింది.

పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. దమ్యాత్ ఊళ్ళో అంత ప్రయాణం అక్కర్లేదు, మూడు సందులు దాటితే చాలు. సాయంత్రానికల్లా మసీదు నుంచి షేక్ దస్సూఖీ ఫోన్ చేసి లెక్క చెప్పేశాడు. మొదటి తలాక్ బాతు దగ్గర పడింది, రెండోది తమ్ముడి గడప దగ్గర పడింది, ఇది మూడోది. మూడూ అయిపోయాయి కాబట్టి ఇక ఆమె ఇంకొకణ్ణి పెళ్ళాడి, వాడితో కాపురం చేసి, అదీ తెగితే తప్ప మిత్వల్లీకి దక్కదు.

"అయ్యో నా ఇల్లు!" అని నిన్నటి నుంచి నబవియ్యా ఏడుస్తూనే ఉంది. ఏడుస్తూనే నలుగురిని కనుక్కుంది కూడా. ఏడుపు ఏడుపే, పని పనే ఆవిడకి.

"ఒరే మిత్వల్లీ, విను. పక్కింటి సబీహా అల్లుడు ఏడుసార్లన్నాడట, ఏడుసార్లు! పెద్ద మసీదు పక్క ఫత్వా ఆఫీసుకి వెళ్తే ఏడూ కొట్టేశారట. అక్కడి షేక్‌గారు అడిగేది ఒక్కటే. అన్నప్పుడు నీ మనసులో ఏముంది అని. భయపెట్టడానికే అన్నానంటే తలాక్ పడదు. ప్రమాణం తప్పినందుకు పదిమంది పేదలకి అన్నం పెట్టాలి, అంతే. పదిమందికేంటి, ఇరవైమందికి నేను వండి పెడతా. నువ్వు ఆ ఒక్క ముక్క అను. 'భయపెట్టడానికే.' ఏదీ, అను."

దుప్పటి అవతల అగ్గిపుల్ల గీసిన చప్పుడైంది.

"అనరా!"

"అతని మనసులో ఏముందో నువ్వెలా చెప్పిస్తావు అత్తా?" ఇన్షిరాహ్ స్టూలు దిగింది. "అది నువ్వు పెట్టిన మనసా?"

"కన్నదాన్ని నేనే కదే!"

"కన్నావు సరే. మొదటిసారి కూడా నువ్వు ఇక్కడే ఉన్నావు. గుర్తుందా? కలప షావుకారు భోజనానికొచ్చాడు. ఉల్లిపాయలు కూరి బాతు చేశాను, పొద్దున్నుంచీ పొయ్యి దగ్గరే. ఆయన 'కడుపులో పుండు, ఒద్దు' అన్నాడు. నీ కొడుకు రొమ్ము విరుచుకుని, 'ఈ బాతు తినకుండా లేచావంటే నా పెళ్ళాం తలాక్' అన్నాడు. ఆయన నవ్వి, చేతులు కడుక్కుని లేచిపోయాడు. నేను వంటింట్లో ఎముకలు వేరుచేస్తున్నా. చేతికి కొవ్వు ఉండగానే నా కాపురం తెగింది. బాతు తప్పా, పుండు తప్పా, నా తప్పా?"

"అతిథికి మర్యాద చెయ్యాలని అన్నాడు పాపం..."

"ఉరుము ఉరిమి మంగళం మీద పడ్డట్టు, అతిథికి మర్యాద, నాకు తలాక్! రెండోది ఇంకా బావుంది. తమ్ముడు షహాతాతో గొడవపడి, 'వాడి గడప తొక్కితే నా పెళ్ళాం తలాక్' అన్నాడు. పండగనాడు చెయ్యి పట్టుకుని ఆ గడప దాటించిందెవరు?"

నబవియ్యా చున్నీ సర్దుకుంది. ఆ చెయ్యి తనదే. అన్నదమ్ములు కలవాలన్న ఆత్రంలో ప్రమాణం సంగతి మరిచిపోయింది, తర్వాత మూడు రోజులు అన్నం మానేసింది. ఆ మాట ఎవరూ ఎత్తకపోతే తనూ ఎత్తదు.

"రెండుసార్లు ఎవరెవరో తెంచారు," అంది ఇన్షిరాహ్. "రెండుసార్లూ సంచి సర్దుకుని అన్నయ్య ఇంటికి నేనే పోయాను. ఈసారి నా చేత్తో నేను తెంచాను. ఎక్కడికీ పోను. దుప్పటి కావాలన్నావు, కట్టాను. పోయేవాళ్ళుంటే పొండి."

"వింటున్నావురా దీని పొగరు?"

"వింటున్నా," అన్నాడు మిత్వల్లీ.

నబవియ్యా చెప్పులు వెతుక్కుంటూ లోపలి గదిలోకి వెళ్ళింది. హాల్లో దుప్పటి, దానికి అటొకరు, ఇటొకరు.

"ఎందుకెత్తావు?" అడిగాడతను. గొంతు తగ్గించాడు. "అంత మాట అన్నాక కూడా ఎందుకెత్తావు ఇన్షిరాహ్?"

"అంత మాట అన్నావు కాబట్టే ఎత్తాను ఉస్తా." సందులో పనిమేస్త్రీలను పిలిచే పిలుపే అది. "మామూలుగా వద్దని ఉంటే ఇంట్లో కూర్చుని పోట్లాడుకునేవాళ్ళం. గిన్నెలు విసురుకునేవాళ్ళం. నువ్వు సందులో నిలబడి నా మెడ మీద కత్తి పెట్టావు."

"కాఫీ కొట్టులో నన్నేమంటున్నారో తెలుసా? 'ఉలిగారి మొగుడు' అంటున్నారు."

"అనేవాళ్ళకి బుద్ధి చెప్పాలి గానీ నాకు తలాక్ చెప్తావా? మా నాన్న నా చేతికి ఉలిచ్చినప్పుడు నాకు ఎనిమిదేళ్ళు. మెషిన్ లేకుండా కుర్చీ వీపు మీద ద్రాక్షతీగ చెక్కేవాళ్ళు ఈ ఊళ్ళో ఇంకా ఎంతమంది మిగిలారు? నువ్వు చెక్కగలవా?"

అవతల కుర్చీ కిర్రుమంది.

"నువ్వు పాలిష్ వేస్తావు. బాగా వేస్తావు, కాదన్లేదు. ఎవడైనా నిన్ను పాలిష్ డబ్బాగాడంటే నేనూరుకున్నానా?"

దుప్పటి కొంచెం కదిలింది. నవ్వాడో, నిట్టూర్చాడో ఇన్షిరాహ్‌కి తెలియలేదు. ఒక్క క్షణం ఆ గుడ్డ పక్కకు లాగేసి మొహం చూడాలనిపించింది. చూస్తే మెత్తబడిపోతానని భయం వేసి చేతులు కట్టుకుంది.

"ఒక్కటే అడుగుతా. అక్కడ మీ అమ్మ నేర్పింది చెప్పకు. నిజం చెప్పు. ఉత్త బెదిరింపైతే బెదిరింపని ఒప్పుకో, రేపట్నుంచి ఆ మాటకి నేను భయపడక్కర్లేదు. నిజమైతే నిజమని చెప్పు, నా దారి నేను చూసుకుంటా. ఇటూ అటూ కాకుండా మధ్యలో వేలాడదియ్యకు నన్ను."

అతను ఏమంటాడోనని చెవులు రిక్కించి నిలబడింది. ఈలోగా నబవియ్యా ఒక చెప్పుతో బయటికొచ్చి, రెండోది ఎవరు తీశారని ఇద్దరినీ తిట్టింది.

టుక్‌టుక్‌లో ఆవిడ మధ్యన కూర్చుంది. ఒడిలో సంచి, ఇటు కోడలు, అటు కొడుకు. గుంతల్లో బండి ఎగిరినప్పుడల్లా ఇద్దరి మోకాళ్ళూ ఎక్కడ తగులుతాయోనని మోచేతులు విప్పి కాపలా కాసింది. డ్రైవరు అద్దంలోంచి చూసి, "ఫత్వా ఆఫీసుకేనా అమ్మా?" అని అడిగాడు. ఎలా తెలిసిందంటే, ఇలా కూర్చుని వెళ్ళేవాళ్ళంతా అక్కడికే అన్నాడు.

ఫత్వా ఆఫీసు వరండాలో బెంచీ నిండా జనమే. పక్కన కూర్చున్న కసాయివాడు ఎవరూ అడక్కుండానే తన కథ చెప్పాడు. దూడ మాంసం తాజాదేనని, కాకపోతే తన పెళ్ళాం తలాక్ అని ఒకావిడకి ప్రమాణం చేశాడట. తాజాదే, కానీ దూడ కాదట.

"నీ పెళ్ళాం ఏది మరి?" అని నబవియ్యా అడిగింది.

"దానికింకా చెప్పలేదు పెద్దమ్మా. ముందు పడిందో లేదో తెలుసుకుని అప్పుడు చెబుదామని."

ఇన్షిరాహ్‌కి ఒళ్ళు మండిపోయింది. ఎక్కడో ఇంట్లో ఒకావిడ ఇప్పుడు వీడి చొక్కా ఇస్త్రీ చేస్తూ ఉంటుంది. తను పెళ్ళామో కాదో ఆవిడకి తెలియదు, ఈ బెంచీ మీదున్న ఆరుగురికీ తెలుసు.

పిలుపు వచ్చింది.

షేక్‌గారికి నలభై కూడా ఉండవు. కళ్ళద్దాలు, ముందు కాగితం, కలం. నబవియ్యా కూర్చుంటూనే మొదలుపెట్టింది. "మౌలానా, మా వాడు బంగారం, భయపెట్టడానికే..."

"అమ్మా, మాట అన్నది మీరా?"

"కాదు."

"అయితే అన్నవాణ్ణి చెప్పనివ్వండి."

మిత్వల్లీ బాతు సంగతి చెప్పాడు. షేక్‌గారు కాగితంలోకి తల వంచేసుకున్నారు, గడ్డం కదలడం మాత్రం కనిపించింది. గడప సంగతి కూడా చెప్పాడు. రెండుసార్లూ అతని ఉద్దేశం ఏమిటని అడిగారు. అతిథి తినాలని, తమ్ముడి మొహం చూడకూడదని అన్నాడు మిత్వల్లీ. పెళ్ళాన్ని వదిలేయాలన్న ఆలోచన కలలో కూడా లేదన్నాడు.

"ఆ రెండూ పడలేదు," అన్నారు షేక్‌గారు. "మీ షేక్ దస్సూఖీ అబద్ధం చెప్పలేదు. పాతకాలపు పండితుల్లో ఎక్కువమంది మాట అదే, షరతు నెరవేరితే తలాక్ పడ్డట్టే అని. మన చట్టం వేరే పండితుల మాట తీసుకుంది. ఎవరిచేతైనా ఏదైనా చేయించడానికో, మానిపించడానికో మాత్రమే అన్నదైతే పడదు. ఇక్కడ మేం దాన్నే పట్టుకుంటాం."

నబవియ్యా చేతులెత్తి అల్లాకు కృతజ్ఞతలు చెప్పుకుంది.

ఇన్షిరాహ్‌కి మాత్రం సంతోషం రాలేదు. మొదటిసారి అన్నయ్య ఇంట్లో పదకొండు రోజులు, రెండోసారి నలభై. వదిన కంచాలు లెక్కపెట్టిన చప్పుడు, నవారా 'అమ్మా మనం ఇంటికెప్పుడు పోతాం' అని అడగడం, తను గోడవైపు తిరిగి పడుకోవడం. అవన్నీ జరగని తలాకుల కోసం. ఈ కలం పట్టుకున్నాయన తప్పు కాదు, అయినా ఆ కలాన్ని లాక్కుని విరిచేయాలనిపించింది.

"ఇక మూడోది." షేక్‌గారు కళ్ళద్దాలు తీశారు. "నాయనా, నిదానంగా చెప్పు. ఆమె షట్టర్ ఎత్తకుండా ఆపడానికి మాత్రమే అన్నావా? లేక ఎత్తితే నిజంగానే విడిపోవాలని అన్నావా? నువ్వు చెప్పిందే రాసుకుంటా, నీ గుండె కోసి చూడలేను. కానీ అబద్ధం చెబితే నా ఫత్వా నిన్ను కాపాడదు. ఆ తర్వాత ఆమెతో గడిపే ప్రతి రోజుకీ అల్లాకి నువ్వే జవాబు చెప్పుకోవాలి."

నబవియ్యా దగ్గింది. ఒకసారి కాదు, మూడుసార్లు దగ్గింది.

మిత్వల్లీ తన అరచేతుల్లోకి చూసుకున్నాడు. గోళ్ళ సందుల్లో పాలిష్ మరకలు. "ఆమె నా కళ్ళలోకి చూస్తూ వంగింది మౌలానా. సందంతా చూస్తోంది. అప్పుడనుకున్నా, తెగిపోతే తెగిపోనీ అని."

"వంగినప్పుడు కాదు. నువ్వు నోరు తెరిచినప్పుడు."

వరండాలో కసాయివాడు ఇంకెవరికో దూడ కథ చెబుతున్నాడు.

"నోరు తెరిచినప్పుడు కూడా," అన్నాడు మిత్వల్లీ.

"ఒరేయ్!" నబవియ్యా లేచింది.

"అమ్మా, ఆగు. నిజం చెప్పమన్నారు, చెప్తున్నా. పెళ్ళానికి నేను కావాలో ఉలి కావాలో తేలిపోవాలనుకున్నా. ఉలి పట్టుకుంటే నాకక్కర్లేదనుకున్నా. ఆ మాట నిజంగానే అన్నాను."

ఇన్షిరాహ్ కళ్ళు మండాయి. నిజం అడిగింది తనే. అది ఇంత నొప్పి పెడుతుందని అనుకోలేదు. అయినా, ఇన్నేళ్ళలో అతను తల్లి మొహం చూడకుండా మాట్లాడటం ఇదే మొదలు. ఆ ఒక్కందుకు అతని మీద కోపం సగం చల్లారింది. మిగతా సగం అలాగే ఉంది.

షేక్‌గారు రాసుకున్నారు. "అయితే ఇది పడింది. మూడోది కాదు, ఇదే మొదటిది. ఆమె గడువు మూడు నెలసరులు. అది పూర్తయ్యేలోగా నువ్వు తిరిగి తీసుకోవచ్చు, కొత్త నికా అక్కర్లేదు. నోటితో అంటే చాలు."

"తీసుకున్నాను," అన్నాడు మిత్వల్లీ. షేక్‌గారి మాట ఇంకా గాల్లోనే ఉంది. "నా పెళ్ళాన్ని తిరిగి తీసుకున్నాను."

నబవియ్యా నాలుక తిప్పి శుభకేక పెట్టింది. వరండాలోంచి ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు, ఎందుకో ఏమిటో తెలియకుండానే అందుకున్నారు. "లే కోడలా, లే, ఇంటికి పోదాం. పోగానే ఆ దుప్పటి పీకి పారేస్తా. ఇంకా రెండు మిగిలాయి, భయం లేదు!"

ఇన్షిరాహ్ లేవలేదు.

"అయిపోయిందా మౌలానా?" అని అడిగింది.

"అయిపోయింది తల్లీ."

"విడిపోయాను, కలిసిపోయాను. గ్లాసుడు మంచినీళ్ళు తాగేంత సేపు కూడా పట్టలేదు. విడిపోయినప్పుడు అతని ఉద్దేశం అడిగారు. కలిసినప్పుడు అతని మాట విన్నారు. నన్ను ఏ ప్రశ్నా అడగలేదేం?"

షేక్‌గారు ఆమె వైపు తిరిగారు. ఆయన తప్పించుకునే మనిషిలా లేరు, ఆలోచించే చెప్పారు. "ఈ గడువులో తిరిగి తీసుకోవడానికి నీ సమ్మతి అక్కర్లేదు తల్లీ. అది వాస్తవం. ఇతనితో ఉండలేనంటే కోర్టుకెళ్ళే దారి నీకుంది, అదీ వాస్తవమే. నేను చెప్పగలిగింది ఇంతే."

"కోర్టుకి పోతానని నేనన్లేదు. ఉండనని కూడా అన్లేదు." ఇన్షిరాహ్ లేచి నిలబడింది. "నా ఉద్దేశం మీరు అడక్కపోయినా చెప్తా, వినండి. ఇష్టమైతే రాసుకోండి. నేను ప్రమాణాలు చెయ్యను. అయితే, గియితే అని షరతులు పెట్టను. రేపు పొద్దున ఎనిమిదింటికి మా నాన్న కార్ఖానా షట్టర్ ఎత్తుతా. ఎల్లుండీ ఎత్తుతా. మధ్యాహ్నానికి ఇంటికొచ్చి వండుతా, పిల్లకి పాఠం చెప్తా. బెదిరించడానికి చెప్పట్లేదు. నోరు తెరిచినప్పుడు నా మనసులో ఉన్నది ఇదే."

"ఇప్పుడెందుకే ఆ గోల!" నబవియ్యా చెయ్యి పట్టుకుని లాగింది. "ఇంటికెళ్ళాక మాట్లాడుకోవచ్చు."

"ఇంట్లో వద్దత్తా. ఇక్కడైతే ఉద్దేశం అడిగే ఆయన ఉన్నారు." చెయ్యి విడిపించుకుని గుమ్మం వైపు నడిచింది.

మిత్వల్లీ కూడా లేచాడు. మొహం ఎర్రబడింది. తలుపు తెరిచే ఉంది, బెంచీ మీదవాళ్ళంతా ఇటే చూస్తున్నారు, కసాయివాడు మెడ సాచి మరీ చూస్తున్నాడు. నిన్న సందు చూసింది, ఇవాళ వరండా చూస్తోంది.

"ఇన్షిరాహ్! నువ్వు గానీ రేపు ఆ షట్టర్ ఎత్తావంటే..."

అన్నాడు, ఆగాడు. షేక్‌గారు కలం మూత పెట్టబోయి పెట్టలేదు. కళ్ళద్దాలు మళ్ళీ తగిలించుకుని, అతని మొహంలోకి చూస్తూ కూర్చున్నారు.

నబవియ్యా మోకాళ్ళ నొప్పి మరిచిపోయింది. ఒక్క ఉదుటున కొడుకు మీద పడి, అరచేత్తో వాడి నోరు మూసేసింది. "అనడు! వీడేం అనడు! మౌలానా, వీడేం అనలేదు, మీరే సాక్షి!"

గుమ్మం దాకా వెళ్ళిన ఇన్షిరాహ్ వెనక్కి తిరిగింది.

"చెయ్యి తియ్యి అత్తా. అననీ. చెప్పు ఉస్తా, ఎత్తితే?"

మిత్వల్లీ తల్లి చేతిని పట్టుకుని, మెల్లగా తన నోటి మీంచి తీసేశాడు.